శ్రుతి తప్పిన మద్దిమొద్దు

అనగనగా, అంటే నిన్నా మొన్నా కాదు, పిట్టలు కూడా బడికెళ్లి చదువుకున్న రోజుల్లో, ఒక అడవిలో వకుళ అనే గోరింక ఉండేది. కోయిలమ్మగారి సంగీతశాలలో రెండేళ్లుగా చదువుతోంది. అది గొంతు విప్పిందంటే లేళ్లు మేత మరిచిపోయేవి.

ఆ ఏడు వాగు పొంగింది. మేతకని అవతలి గట్టుకు వెళ్లిన కుందేలమ్మ అక్కడే చిక్కుకుపోయింది. పిల్లలేమో ఇవతల బొరియలో! వకుళ ఎగిరి వెళ్లి, మూడు రోజులు కుందేలమ్మ పక్కన కూర్చుని పాడింది. ఆ పాట కన్నీళ్లు తుడిచింది గానీ, వాగు దాటించలేకపోయింది. నాలుగో రోజు వాగు తగ్గాకే కుందేలమ్మ పిల్లల దగ్గరికి చేరింది.

అంతే, వకుళ మనసు మారింది. "నేను వంతెనలు కట్టడం నేర్చుకుంటాను. వడ్రంగిపిట్టగారి బడిలో చేరతాను" అంది.

వాళ్లమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. "రెండేళ్ల చదువు గంగపాలు చేస్తావుటే!"

కోయిలమ్మ మాత్రం నవ్వి, "వెళ్లిరా తల్లీ, సాధన మానకు" అంది.

వడ్రంగిపిట్టగారి పేరు దీర్ఘతుండుడు. మహా కోపిష్టి. "పాటల పిల్లకు కట్టడాల చదువా? సరే, మూడు పరీక్షలు పెడతాను. ఒక్కటైనా నెగ్గావా, ఉంటావు. లేదంటే వచ్చిన దారినే పో" అన్నాడు.

మొదటిది, తొర్ర తొలచడం. వకుళ ముక్కు వాచింది గానీ చెక్కకు చిల్లు పడలేదు. రెండోది, వాగు వెడల్పు కొలవడం. మూర తక్కువ చెప్పింది. తోటి పిట్టలు కిచకిచా నవ్వాయి. వకుళకు ఏడుపు ముంచుకొచ్చింది. కానీ కుందేలు పిల్లల మొహాలు గుర్తొచ్చి, మర్నాడు మళ్లీ బడికొచ్చింది.

మూడోది, వంతెనకు మొద్దును ఎంచడం. గాలికి కూలిన మద్దిచెట్టు ఒకటి, నున్నగా, దిట్టంగా పడి ఉంది. "ఇదే, ఇదే!" అని పిట్టలన్నీ గంతులేశాయి. దీర్ఘతుండుడూ తల ఊపాడు. ఏళ్ల తరబడి టకటకలాడించి ఆయన చెవులు కాస్త మందగించాయి లెండి.

వకుళ మొద్దును మెల్లగా కొట్టి చూసింది. మొదలు దగ్గర ఒకసారి, నడుమ ఒకసారి, కొసన ఒకసారి. నడుమ మళ్లీ కొట్టి చెవి ఆనించింది. మోత తేడాగా ఉంది. అందరితో పాటు ఔనంటే గండం గడిచిపోతుంది. కానీ రేపు దీని మీద నడిచేది కుందేలమ్మ!

"అయ్యగారూ, ఇది పనికిరాదు. రెండు చివరలూ ఖంగుమంటున్నాయి, నడుమ శ్రుతి తప్పింది. లోపల డొల్ల" అంది.

"మొద్దుకు శ్రుతేమిటే!" అని పిట్టలు పకపకా నవ్వాయి.

"ఏనుగుమామను ఒక్క కాలు మోపమనండి. నా మాట తప్పయితే ఇప్పుడే వెళ్లిపోతాను."

ఏనుగుమామ కాలు మోపాడు. ఫెళ్లుమని విరిగింది! నడుమంతా చెదలు తిన్న పొడి.

దీర్ఘతుండుడు ఆ పొడిని ముక్కుతో కెలికి చూశాడు. "ఎంత ప్రమాదం తప్పింది! అమ్మా వకుళా, తొలచడం నేను నేర్పుతాను. వినడం నువ్వు మాకు నేర్పు" అన్నాడు.

వకుళ మరో మొద్దును విని మరీ ఎంచింది. పిట్టలూ ఏనుగుమామా కలిసి దానితో వాగు మీద వంతెన కట్టారు. మళ్లీ వానలొచ్చాయి, వాగు పొంగింది. కుందేలమ్మ వంతెన మీదుగా గెంతుకుంటూ ఇల్లు చేరింది. ఆ వంతెన మీదే కూర్చుని వకుళ హాయిగా పాడింది. "మా పిల్ల రెండు చదువులు చదివింది!" అని వాళ్లమ్మ అడవంతా చాటుకుంది.

కాబట్టి పిల్లలూ, మనసు కోరితే దారి మార్చుకోండి, కానీ పాత దారిలో నేర్చిన విద్యను పారేసుకోకండి. అది కొత్త దారిలోనూ మీకు తోడొస్తుంది.