నక్క ఇచ్చిన ఇంటర్వ్యూ

మొసళ్లమడుగు ఒడ్డున విదేశీ కొంగలు వాలి, వెదురు కర్రలతో ఓ పరిశోధన కేంద్రం కట్టాయి. వాటిది సాఫ్ట్‌వేర్ కంపెనీ. మొసలి ఎప్పుడు నోరు తెరుస్తుందో ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ చేస్తాయట. ఉద్యోగాలన్నీ అడవివాళ్లకే, జీతం రోజూ బుట్టెడు చేపలు అని చాటించేసరికి అడవికి నిద్ర కరువైంది.

ఎలుగుబంటికి ఆ ఉద్యోగం మరీ అవసరం. ఎండలకు ఇప్పచెట్లు మాడిపోయి, పిల్లలు ఆకలితో నకనకలాడుతున్నాయి. కానీ నలుగురిలో నోరు విప్పాలంటే దానికి వణుకు. ఇలాంటివాళ్ల కోసమే నక్క కోచింగ్ సెంటర్ తెరిచి కూర్చుంది.

"ఎలుగక్కా, నువ్వు ఊరికే పెదాలు ఆడించు. పొద వెనకనుంచి నేను మాట్లాడతా. జీతంలో సగం నాది," అంది.

సగం చేపలైనా పిల్లల కడుపు నిండుతుంది కదా అని ఎలుగు ఒప్పుకుంది.

ఇంటర్వ్యూలో కొంగమ్మ అనుభవం అడిగింది. పొద వెనక గొంతు రెచ్చిపోయింది. మొసళ్ల మధ్యే పెరిగానంది, వాటికి పళ్లు కూడా తోమానంది. జీతం పెరిగితే తన సగమూ పెరుగుతుందని నక్క ఆశ. ఎలుగు బుద్ధిగా పెదాలు ఆడిస్తూనే ఉంది. ఇంతలో కేంద్రం స్తంభం మీద బారులు తీరిన చెదపురుగులు కంటబడ్డాయి. ఆకలి మీదున్న ప్రాణం, ఆగలేకపోయింది. మూతి స్తంభానికి ఆనించి జుర్రేయసాగింది. గొంతు మాత్రం మొసలి దవడ పక్కన కునుకు తీసిన ముచ్చట చెబుతూనే ఉంది.

కొంగమ్మకు సంగతి తెలిసిపోయింది.

"ఇంత అనుభవం మాకెక్కడ దొరుకుతుంది? పొదలో ఉన్న అయ్యగారూ, బయటికి రండి. ఉద్యోగం మీదే. మడుగులో దిగి మొసలి పళ్లు లెక్కపెట్టి రావాలి, ఇప్పుడే."

నక్క నీళ్లు నములుతూ బయటికొచ్చి, ఆ అనుభవమంతా ఎలుగక్కదేనంది.

ఎలుగు మూతి తుడుచుకుని తొలిసారి నోరు విప్పింది. "నాకు చెదలు తినడం తప్ప ఇంకేం రాదమ్మా."

"ఈ కేంద్రం నిలబడాలంటే ముందు కావలసింది అదే," అంది కొంగమ్మ. ఆ సాయంత్రం బుట్టెడు చేపలూ ఎలుగు పిల్లలకే చేరాయి.

ఇక నక్క జారుకుందామని గట్టు దిగేసరికి, నీళ్లలోంచి ఓ మొసలి తల ఎత్తింది.

"నాకు పళ్లు తోమింది నువ్వేనా తమ్ముడూ?" అని తీరిగ్గా నోరు తెరిచింది.

ఆ పరుగు పరుగు నక్క పక్క అడవిలో తేలింది.

గొప్పలు ఎవరి పేరున చెప్పినా, చేసి చూపించమన్నప్పుడు దిగాల్సింది చెప్పినవాడే.