ఈదమ్మ కింద!

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. సిమెంటు బస్తా ఎలా ఉంటుందో చూడటానికి ఊళ్ళకు ఊళ్ళే తరలివచ్చిన రోజుల మాట. ఆ పొడిలో నీళ్ళు పోసి కలిపితే రాయవుతుందంటే ముసలివాళ్ళు ముక్కున వేలేసుకున్న రోజుల మాట. వినేవాళ్ళు దగ్గరికి జరగండి. ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి. నిద్రొచ్చేవాళ్ళు ఇప్పుడే వెళ్ళి పడుకోండి, సగంలో ఉలిక్కిపడి లేచి నన్ను తిట్టుకోవద్దు.

పాలమూరు దిక్కున సుద్దవాగు అని ఒక వాగు ఉండేది. ఎండాకాలంలో మేకపిల్ల కూడా దాన్ని దాటేది. వానాకాలంలో ఏనుగు నిలబడినా ఈడ్చుకుపోయేది. దాని మీద వంతెన కట్టాలని ఏలినవారికి బుద్ధి పుట్టింది. ఆ పని కుర్మయ్య మేస్త్రీకి దక్కింది. కుర్మయ్య ఆరడుగుల మనిషి, గొంతు ఇంకా పెద్దది. ఈ గట్టున తుమ్మితే ఆ గట్టున చిరంజీవ అనేవాళ్ళు. తన ఊరివాళ్ళనే ఆడా మగా కూడగట్టుకొని వాగు ఒడ్డున గుడిసెలు వేయించాడు.

వంతెన కప్పు ఎలా పోస్తారో తెలుసు కదా? ముందు కింద సరుగుడు కర్రలు వరసగా నిలబెడతారు. వాటి మీద చెక్కలు పరుస్తారు. చెక్కల మీద ఇనుప చువ్వలు అల్లి, పచ్చి కాంక్రీటు తట్టలతో మోసుకెళ్ళి పోస్తారు. పచ్చి కాంక్రీటుకు సొంత కాళ్ళు ఉండవు. అది రాయి అయ్యేదాకా కింద ఉన్న కర్రలే దాని కాళ్ళు.

మొదటిసారి పోశారు. అందరూ అన్నాలు తినడానికి ఒడ్డుకు వెళ్ళినప్పుడు కప్పు కూలింది. దాని కింద పడి కుర్మయ్య సద్దిమూట ఒక్కటే నలిగిపోయింది. "వాగుకు ఆకలైనట్టుంది" అని నవ్వుకున్నారు.

రెండోసారి పోశారు. పని ముగిసి, కప్పు కింద చల్లగా ఉందని కొందరు ఆ నీడలో నడుం వాల్చారు. కప్పు కూలింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. చనిపోయిన వాళ్ళను బండ్ల మీద ఊరికి తీసుకెళ్ళారు. వాళ్ళలో ఈదమ్మ పెనిమిటి సవారన్న కూడా ఉన్నాడు.

ఊరి తల్లులందరూ కుర్మయ్యను చుట్టుముట్టారు. అతను ఒకే మాట అన్నాడు.

"ఈపారి తోల్కపోయినోళ్ళను అందర్ని తోల్కొస్త. ఒక్కరు తక్కువైనా నేను ఊర్ల అడుగు పెట్ట."

ఆ మాట ఇచ్చిన దగ్గర్నుంచి కుర్మయ్యకు తిండి సయించలేదు. వంతెన నిలబడుతుందా లేదా అన్నది ఏలినవారి చింత. అందరూ ఇల్లు చేరుతారా లేదా అన్నది అతని చింత.

వాగు మనిషిని అడుగుతోందని జనం గుసగుసలాడారు. గుమ్మడికాయ తెచ్చారు, నిమ్మకాయలు తెచ్చారు, ఎర్ర కోడిపుంజును తెచ్చారు. అప్పుడు ఈదమ్మ నోరు విప్పింది.

"కోడిని కోస్తే కోయుండ్రి, కూర వండుకుందం. కర్రల కింద మాత్రం ఒక్కపారి చూడుండ్రి."

ఈదమ్మ నోరు విప్పడమే వింత. తట్టలు మోసే ఆడవాళ్ళలో ఆమె ఒకతె. పొట్టి మనిషి, సన్నని గొంతు. ఆమె పనికి వచ్చిందో రాలేదో హాజరు పిలిచేవాడికి కూడా గుర్తుండేది కాదు. అలాంటి ఈదమ్మ ఆరోజు చీర కుచ్చెళ్ళు పైకి దోపుకొని కర్రల వరసల్లోకి నడిచింది.

ఒక కర్ర దగ్గర ఆగేది. చెయ్యి వేసేది. చెవి ఆనించేది. కాసేపు ఊరికే నిలబడేది. ఇంకో కర్ర దగ్గరికి పోయేది. చెయ్యి వేసేది. చెవి ఆనించేది. కాసేపు ఊరికే నిలబడేది. కుర్మయ్య వెనకే వెళ్ళాడు.

"ఏం ఇంటున్నవు చెల్లె?"

"మీ బావ పండుకున్న తావు ఇదే గదన్నా. ఏమన్న చెప్తడేమోనని."

కుర్మయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తను కూడా ఒక కర్ర మీద చెయ్యి వేశాడు. అది ఊడబోయే పన్నులా కదిలింది. పక్కదాన్ని పట్టుకుంటే అదీ కదిలింది. పై ఇసక గట్టిగానే ఉంది, కింద మాత్రం బురద. వెంటనే మనుషుల్ని పిలిచాడు. కర్రల అడుగున వెడల్పు చెక్కలు పరిచారు. కర్రకూ కర్రకూ మధ్య అడ్డకర్రలు బిగించారు.

ఆ పని బాగానే సాగింది. గొడవ ఉయ్యాలల దగ్గర వచ్చింది.

పసిబిడ్డల తల్లులు పనికి వస్తే పిల్లల్ని ఎక్కడ ఉంచుతారు? గుడిసెలు దూరం, వాగులో చెట్టు లేదు, చేమ లేదు. ఉన్న నీడ ఒక్కటే, కప్పు కింద నీడ. అందుకే చెక్కలకు పాత చీరలు వేలాడదీసి, ఉయ్యాలలు కట్టి, అందులో బిడ్డల్ని పడుకోబెట్టేవాళ్ళు. మొదటిసారీ అంతే, రెండోసారీ అంతే. పిల్లలు బతికారంటే ఆ వేళకు పాలు తాగుతూ తల్లుల ఒడిలో ఉన్నారు కాబట్టి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఈదమ్మ ఒక్కొక్క ఉయ్యాలా విప్పింది. ఒడ్డున తాటాకు పందిరి వేసి, పిల్లలందర్నీ అక్కడికి చేర్చింది. అందరూ ఊరుకున్నారు గానీ బిచ్చమ్మ ఊరుకోలేదు. బిచ్చమ్మది ఎర్రమిరపకాయ లాంటి నోరు.

"నా బిడ్డ ఉయ్యాల ముట్టనీకి నువ్వెవరు? తాటాకు సందుల ఎండ పడ్తది. నా బిడ్డ మాడిపోవాల్నా?"

"నా కొంగు కప్పి కూసుంట బిచ్చమ్మా. ఎండ నా వీపు మీద పడ్తది."

"బిడ్డను తీస్కపో. ఉయ్యాలను ముట్టకు. ఆ జాగ నాది."

"బట్ట ఉంటే ఉండనియ్యి. బిడ్డ ఉండొద్దు, గంతే."

ఖాళీ ఉయ్యాల ఊగితే బిడ్డకు కీడు అంటారు. అందుకని బిచ్చమ్మ అందులో ఒక రాయి పెట్టి, మూతి తిప్పుకొని వెళ్ళిపోయింది. ఆ ఒక్క ఉయ్యాలే కప్పు కింద మిగిలింది.

మూడోసారి పోత మొదలైంది. పొద్దున్నే కుర్మయ్య కప్పు కింద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. "కింద ఎవరు?" అని మూడుసార్లు కేక వేశాడు. ఎవరూ పలకలేదు. "ఇంక కప్పు కిందికి ఎవ్వరు పోవద్దు, దేవుడు పిల్చినా పోవద్దు" అని చెప్పి పైకి ఎక్కాడు. డప్పు మోగింది. పాట అందుకున్నారు. ఒడ్డున కాంక్రీటు కలిపే చోటు నుంచి కప్పు మీది దాకా ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. తట్ట చేతి నుంచి చేతికి, చేతి నుంచి చేతికి పైకి పోతోంది. వరస మొదట్లో బిచ్చమ్మ ఉంది. చిట్టచివర కుర్మయ్య ఉన్నాడు.

ఈదమ్మ పందిట్లో కూర్చుంది. బిచ్చమ్మ బిడ్డను ఒళ్ళో వేసుకొని, కొంగు కప్పి, వీపు ఎండకు పెట్టింది. ఆమె కూర్చున్న చోటు నుంచి కప్పు కింద అంతా కనిపిస్తుంది. బతికిపోయిన కోడిపుంజు ఠీవిగా కర్రల మధ్య తిరుగుతోంది. అది ఉయ్యాల కింద నుంచి తల వంచకుండా నడిచిపోయింది. ఈదమ్మ చూసి నవ్వుకుంది.

పొద్దు నెత్తి మీదికి వచ్చింది. సగం కప్పు నిండింది. కోడిపుంజు మళ్ళీ ఉయ్యాల దగ్గరికి వచ్చింది. ఈసారి తల వంచింది. వంచినా పట్టలేదు, పక్కనుంచి తిరిగి వెళ్ళింది.

ఈదమ్మ కళ్ళు నులుముకొని చూసింది. బిచ్చమ్మ ఉయ్యాల కిందికి దిగింది. ముడి జారిందా అంటే లేదు, ముడి ముడిలాగే ఉంది. చీర సాగిందా అంటే అదీ లేదు. దిగుతున్నది ఉయ్యాల కాదు. ఉయ్యాల కట్టిన కప్పు.

"బిచ్చమ్మా! ఆపమను!"

బిచ్చమ్మ పక్కామెకు చెప్పింది. ఆమె తన పక్కామెకు చెప్పింది. తట్టతో పాటు మాట కూడా చేతి నుంచి చేతికి పోయినట్టు పైకి పోయింది. కుర్మయ్యకు అందింది.

"ఆపమంటున్నరు!"

"ఎవరు ఆపమన్నది? పోత నడుమల ఆగితే కప్పు అతకది. కానియ్యుండ్రి!"

డప్పు మోగింది. తట్టలు కదిలాయి. ఉయ్యాల ఇంకాస్త దిగింది.

"బిచ్చమ్మా! ఉయ్యాల నేలకు తాకుతున్నదని చెప్పు!"

మాట మళ్ళీ పైకి పోయింది.

"ఉయ్యాల నేలకు తాకుతున్నదంట!"

"ఇది కాంక్రీటు పోతనా, పేరు పెట్టే పండుగనా? కానియ్యుండ్రి!"

డప్పు మోగింది. తట్టలు కదిలాయి. ఉయ్యాల ఇసక మీద కూర్చుంది. లోపలి రాయి ఒక పక్కకు ఒరిగింది. ఈదమ్మ బిడ్డను గుండెకు హత్తుకొని లేచింది. పుట్టి బుద్ధెరిగి గట్టిగా అరవని మనిషి, పేగులు తెగేలా అరిచింది.

"ఈదమ్మ చెప్తున్నదని చెప్పు! కింద కుంగుతున్నదని చెప్పు!"

బిచ్చమ్మ అంతా సరిగ్గానే చెప్పింది. ఆమె పక్కామెకు డప్పు చప్పుడులో సగమే వినబడింది. "ఈదమ్మ, కింద కుంగింది" అని చెప్పింది. ఆ పక్కామె భయపడిపోయి, ఉన్న మాటను ఇంకా తుంచేసింది. పైకి చేరేసరికి రెండే మాటలు మిగిలాయి.

"ఈదమ్మ కింద!"

కుర్మయ్య చేతిలో తట్ట జారిపోయింది. ఆపమంటే ఆపని మనిషి, ఉయ్యాల అంటే నవ్విన మనిషి, ఆ రెండు మాటలకు కొయ్యబారిపోయాడు. సవారన్న పోయిన చోటికే ఈదమ్మ కూడా పోయిందనుకున్నాడు.

"డప్పు ఆపు! మనిషి ఉన్నది కింద! దిగుండ్రి, అందరు దిగుండ్రి!"

ఆ గొంతుకు వాగు రెండు గట్లూ మారుమోగాయి. తట్టలు ఎక్కడివి అక్కడ పడ్డాయి. ఆడవాళ్ళు దిగారు, మగవాళ్ళు దిగారు, డప్పు వాయించేవాడు డప్పు వదిలేసి దిగాడు. అందరి కంటే చివర కుర్మయ్య దిగి, ఒక్క పరుగున కప్పు వైపు మళ్ళాడు. ఈదమ్మ ఎదురొచ్చి, చంకలో బిడ్డతోనే అతని చెయ్యి పట్టుకొని ఆపింది.

"నువ్వు కింద ఉన్నవన్నరు!"

"నేనెందుకు ఉంటనన్నా? నువ్వే పోవద్దంటివి గద. ఆపమని అన్న, గంతే."

కుర్మయ్యకు ఒళ్ళు మండింది. "ఎంత పని చేసినవే! పోత అంతా పాడైపాయె..."

ఆ మాట పూర్తి కాలేదు. ఒక కర్ర టప్పుమంది. దాని పక్కది టప్పుమంది. ఆ తర్వాత లెక్కే లేదు. అంత పెద్ద కప్పు, పచ్చిపచ్చిగా, చువ్వలతో సహా, వాళ్ళు ఇప్పుడే నిలబడిన చోటుతో సహా, కళ్ళ ముందే వాగులోకి కుప్పకూలింది. నేల అదిరింది. దుమ్ము లేచి సూర్యుడు కనబడలేదు.

మొదటిసారి నవ్వారు. రెండోసారి ఏడ్చారు. మూడోసారి పక్కవాళ్ళ చేతులు గట్టిగా పట్టుకున్నారు. పందిట్లో పసిపిల్లలు కూడా ఏడవలేదని చెబుతారు.

దుమ్ము తగ్గాక కుర్మయ్య ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. పేరు పిలిస్తే ఊఁ అన్నారు. పేరు పిలిస్తే ఊఁ అన్నారు. అందరూ ఊఁ అన్నారు. ఒక్క గొంతు కూడా తక్కువ కాలేదు. అంత మనిషి ఇసకలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బిచ్చమ్మ తన ఉయ్యాల ఉన్న చోటు వైపు చూసింది. అక్కడ కొండంత కాంక్రీటు ఉంది. ఆమె ఈదమ్మ కాళ్ళ మీద పడింది. ఈదమ్మ ఇబ్బందిపడి, "లెవ్వు లెవ్వు, బిడ్డ పాలకు ఏడుస్తది" అంది.

పైన ఎక్కడో వాన పడి, ఇసక కింద నీళ్ళు ఊరి, బురద మెత్తబడిందని తర్వాత తెలిసింది. నాలుగోసారి బురదంతా తోడి, బండ తగిలేదాకా తవ్వి, బండ మీద కర్రలు నిలబెట్టారు. వంతెన నిలబడింది. కుర్మయ్య తోలుకెళ్ళిన వాళ్ళందరినీ తోలుకొచ్చాడు. ఊరి పొలిమేరలో తల్లులు ఎదురొచ్చి బిడ్డల ఒళ్ళు తడిమి చూసుకున్నారు.

ఈదమ్మ ఆ తర్వాత కూడా తట్టలే మోసింది. ముసలిదయ్యింది. ఒక చలికాలం జ్వరమొచ్చి, తన గుడిసెలో, తన మంచం మీద కన్ను మూసింది. పని చేసే చోట కాదు. అలాంటి చావు కూడా అదృష్టమే అని పని చేసేవాళ్ళకు తెలుసు.

ఇప్పటికీ ఆ దిక్కువాళ్ళు ఏ ఊళ్ళో ఏ పనికి వెళ్ళినా, కప్పు పోసేముందు కింద ఒక ఖాళీ ఉయ్యాల కడతారు. అందులో ఒక రాయి పెడతారు. నేలకు జానెడు ఎత్తున వేలాడదీస్తారు. దూరంగా, కప్పు నీడ తగలని చోట ఒకరు కూర్చొని, దాన్నే చూస్తూ ఉంటారు. వాళ్ళకు వేరే పని చెప్పరు. పిల్లల్ని మాత్రం ఆ దరిదాపుల్లోకి రానివ్వరు.

ఎవరికైనా, ఏ చిన్న అనుమానం వచ్చినా, "ఆపు" అని అరవరు. "ఈదమ్మ కింద!" అని అరుస్తారు. ఆ కేక వినబడితే చాలు, పని ఎంత తొందరదైనా ఆగుతుంది, పైనున్న వాళ్ళందరూ దిగుతారు. అనుమానం ఉత్తదే అయినా అరిచిన వాళ్ళను ఎవరూ ఒక్క మాట అనరు, తాగడానికి చల్లటి నీళ్ళు ఇస్తారు.

కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళు బిక్కమొహం వేసి అడుగుతారు. "ఈదమ్మ ఎవరే?"

పాతవాళ్ళు భుజం పట్టి లాగుతారు.

"ముందు దిగు. దిగినంక చెప్త."