లేనిమాట రాయి

అనగనగా, మబ్బులు దారి తప్పి నేల మీదికి దిగి నడిచే చోట, నవగిరి అని ఒక బుల్లి రాజ్యం ఉండేది. తొమ్మిది కొండలు, వాటి మధ్య ఇరుక్కున్న నాలుగు ఊళ్ళు, రాజ్యమంటే అంతే. ఈ చివర కోడి కూస్తే ఆ చివరి వాళ్ళు లేచి ముఖం కడుక్కునేవారు. దేశం మొత్తానికి చదునైన నేల రాజుగారి పడకగదిలోనే ఉందని జనం నవ్వుకునేవారు.

అక్కడ పొలాలు తక్కువ, రాళ్ళు ఎక్కువ. పండిన రాగులు, కొర్రలు నాలుగు నెలలకు వస్తే గొప్ప. మిగతా ఎనిమిది నెలలూ ఆ దేశానికి అన్నం పెట్టేది యాత్రికులే. దూరదేశాల వాళ్ళు మూడు వింతలు చూడడానికి వచ్చేవారు. మొదటిది వెండిధార అనే జలపాతం. రెండోది గాలి వీస్తే పాడే గుహ. మూడోది అన్నిటికన్నా పైన, ఆకాశాన్ని అడుగున దాచుకున్నట్టుండే నీలిమడుగు.

వాళ్ళకు దారి చూపేవాళ్ళలో గవరమ్మ ఒకతె. వయసు యాభై దాటింది. మోకాళ్ళు మాత్రం ఇంకా మేకపిల్లవే. చేతిలో తాతల నాటి గజ్జెకర్ర. ఆ దేశంలో గజ్జెకర్ర ఉన్నవాళ్ళే దారి చూపాలి. ఇంట్లో చూపు లేని అత్తగారు, తల్లిలేని ఇద్దరు మనవరాళ్ళు ఆ కర్రను నమ్ముకునే బతుకుతున్నారు.

నవగిరిలో ఒక ఆచారం ఉండేది. కొండ మొదట్లో ఒక బల్లపరుపు రాయి. యాత్రికులు ఎక్కబోయే ముందు దారి చూపే మనిషి ఆ రాయి మీద నిలబడి, కర్రను మూడుసార్లు తాటించి, పైన లేనివి మూడు చెప్పాలి. దాన్నే లేనిమాట అనేవారు. "పైన తాగే నీళ్ళు లేవు. దారిలో నీడ లేదు. ఇవాళ మంచు పట్టింది, శిఖరం కనపడదు." ఇలాగన్నమాట. విన్నాక వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోవచ్చు. ఉండేవాళ్ళు "మరి ఉన్నదేమిటి?" అని అడగాలి. అప్పుడు ఉన్నదొక్కటి చెప్పి, ముందు నడవాలి.

ఎప్పుడో ఒకడు, పైన ఊట ఉందని అబద్ధమాడి ఒక కుటుంబాన్ని ఎండలో కొండ ఎక్కించాడట. వాళ్ళు దిగి రాలేదు. అప్పటి నుంచి ఈ ఆచారం.

ఒక ఏడాది వడగళ్ళ వాన పడి కొర్ర చేలన్నీ నేలమట్టమయ్యాయి. రాజు దిగులు పడ్డాడు. మంత్రి చిత్రసేనుడికి కూడా దిగులే. అతను చెడ్డవాడు కాదు. కాకపోతే మాట మీదా, కుంచె మీదా నమ్మకం కాస్త ఎక్కువ.

"ప్రభూ, యాత్రికులు రెట్టింపు రావాలి. నేను పటాలు గీయించి దేశదేశాలకు పంపుతాను. ఒక్కటే మనవి. ఆ లేనిమాట ఆపించండి. అంగడి ముందు కూర్చుని మా సరుకు బాగాలేదని చెప్పే వెర్రివాళ్ళు ఎక్కడైనా ఉంటారా?" అన్నాడు.

రాజుకు ఖాళీ గాదెలు కళ్ళ ముందు మెదిలాయి. సరేనన్నాడు. లేనిమాట చెప్పినవాళ్ళ గజ్జెకర్ర లాక్కోవాలని చాటింపు వేయించారు. గవరమ్మ ఆ చాటింపు విని, మనవరాళ్ళ వంక చూసి, నోరు మూసుకుంది.

పటాలు వెళ్ళాయి. యాత్రికులు వచ్చారు.

ముందుగా సముద్రతీరం నుంచి రత్నాకర శెట్టి అనే వర్తకుడు భార్యాపిల్లలతో వచ్చాడు. అతని చేతిలోని పటంలో వెండిధార ఏడు రంగుల్లో ఉరుకుతోంది. అది వైశాఖమాసం. ఆ నెలలో వెండిధార ఎండిపోతుందని నవగిరిలో ఉయ్యాలలోని పిల్లకు కూడా తెలుసు. గవరమ్మకు నాలుక చివర దురద పెట్టింది. పక్కనే మంత్రిగారి భటుడు ఉన్నాడు. ఆమె మాట్లాడకుండా ఆ రాయిని దాటి నడిచింది.

రెండు జాముల ఎక్కుడు. పైకి చేరేసరికి తడి మరక ఉన్న బండ ఒకటి, దాని మీద ఎండకు కాగుతున్న తొండ ఒకటి కనిపించాయి. శెట్టి చిన్నకూతురు అటూ ఇటూ చూసి, "నీళ్ళేవి నాన్నా?" అంది.

శెట్టి గవరమ్మ వైపు తిరిగాడు. "ఏమమ్మా, నీకు ముందే తెలుసా?"

గవరమ్మ తల వంచుకుంది. ఆ రోజు ఇంటికి వెళ్ళాక తన రాగిముద్ద మనవరాళ్ళకే పెట్టేసింది.

తరువాత సోమయాజులనే ముసలి వైణికుడు పదిహేను రోజులు నడిచి వచ్చాడు. పాడే గుహలో గంధర్వులు పగలల్లా పాడతారని పటంలో రాసి ఉంది. నిజానికి ఆ గుహ ఆషాఢంలో పడమటి గాలి వీచినప్పుడు మాత్రమే హూమని మోగుతుంది. అప్పుడు జ్యేష్ఠం, ఆకు కదలడం లేదు.

"నా చెవులు మందగిస్తున్నాయి తల్లీ. పూర్తిగా పోకముందు ఒక్కసారి దేవతల పాట విందామని వచ్చాను," అన్నాడాయన.

అయినా గవరమ్మ రాయి దాటింది. ముసలాయన గుహలో పొద్దంతా చెవి ఒగ్గి కూర్చున్నాడు. గబ్బిలాలు కిచకిచలాడాయి, అంతే. పొద్దు వాలాక లేచి, "నా చెవులే పనికిరాకుండా పోయినట్టున్నాయి. పోనీలే, నీ తప్పేముంది," అని ఆమె భుజం తట్టాడు.

ఆయన తిట్టి ఉంటే బాగుండేదని గవరమ్మకు అనిపించింది. మంచివాడు తన చెవుల్నే అనుమానించుకుంటూ కొండ దిగుతుంటే వెనక నడవడం ఆమెకు చాలా కష్టమైంది.

శెట్టి ఊరుకుంటాడా? రేవు రేవునా చెప్పుకున్నాడు. ఆ మాట ఈ నోటా ఆ నోటా పాకి, యాత్రికులు తగ్గిపోయారు. సత్రాల పొయ్యిల్లో పిల్లులు పడుకున్నాయి. చిత్రసేనుడు కంగారుపడి ఇంకా పెద్ద పటం గీయించాడు. అందులో నీలిమడుగు ఉంది. ఆ నీళ్ళల్లో ముఖాలున్నాయి. "పోయినవాళ్ళను ఈ మడుగులో చూడవచ్చు" అని కింద బంగారు అక్షరాలతో రాయించాడు.

ఆ పటం తిరిగి తిరిగి సస్యపురి మహారాణి హేమవల్లి చేతిలో పడింది. సస్యపురి మైదాన దేశం, మహా సంపన్న దేశం. ఆమె ఒక్కగానొక్క కూతురు ఇందుమతి రెండేళ్ళ కిందట జ్వరంతో పోయింది. రాణి పటం మడిచి గుండెకు హత్తుకుని పల్లకి సిద్ధం చేయమంది.

నూరుమంది పరివారంతో ఆమె నవగిరికి వచ్చింది. దేశమంతా పండగ చేసుకుంది. సత్రాలు అలికారు, పాలు కాచారు. రాణికి నచ్చితే సస్యపురి యాత్రికులంతా ఏటేటా ఇటే వస్తారు, గాదెలు నిండుతాయి. నీలిమడుగు దారి అందరికన్నా బాగా తెలిసినది గవరమ్మకే. అందుకని ఆమెకు కబురు పంపారు.

"ఇవాళ నోరు జారావో, నాలుగు ఊళ్ళ కడుపు కొట్టినట్టే," అన్నాడు చిత్రసేనుడు మెల్లగా. బెదిరింపు కాదది, బతిమాలడమే. అతని చెంపలు కూడా పీక్కుపోయి ఉన్నాయి.

కొండ మొదట్లో రాణి పల్లకి దిగింది. తెల్లని చీర, బోసి మెడ. చేతిలో చిన్న మూట. గవరమ్మ అటు చూడడం గమనించి, "మా అమ్మాయికి నువ్వులుండలంటే ఇష్టం," అంది రాణి. "చూపించినా చాలు కదా అని తెచ్చాను."

గవరమ్మకు ఎండిన బండ గుర్తుకొచ్చింది. చెవులు తడుముకుంటూ దిగిన ముసలాయన గుర్తుకొచ్చాడు. ఇంట్లో మనవరాళ్ళూ గుర్తుకొచ్చారు. కర్ర పోతే వాళ్ళకు ముద్ద లేదు. ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తరువాత బల్లపరుపు రాయి ఎక్కి, కర్రను మూడుసార్లు తాటించింది. గజ్జెలు ఘల్లుమన్నాయి.

"తల్లీ, పైన మడుగులో పోయినవాళ్ళు కనబడరు. పటంలో రాసింది నిజం కాదు," అంది. "దారిలో పల్లకి పట్టే చోటు లేదు, నడవాలి. మూడోది. దిగి వచ్చేసరికి మీ బాధ తగ్గుతుందన్న మాట కూడా నేను ఇవ్వలేను."

చిత్రసేనుడు ముందుకొచ్చి గజ్జెకర్ర తీసుకున్నాడు. గవరమ్మ విడిచిపెట్టింది. రాణి పటాన్ని నేల మీద పెట్టి, వెళ్ళి పల్లకిలో కూర్చుంది. బోయీలు లేపారు. నూరుమందీ వెనక్కి తిరిగారు.

"ఎంత పని చేశావే గవరమ్మా," అంది సత్రం పూటకూళ్ళమ్మ, కాచిన పాల వంక చూస్తూ. ఇంకొకడు మొహం తిప్పుకున్నాడు. గవరమ్మ కర్ర లేని చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో చుట్టుకుంది.

పల్లకి మలుపు దాకా వెళ్ళి ఆగింది. రాణి దిగింది. ఒక్కతే నడుచుకుంటూ వెనక్కి వచ్చింది. రాయి ముందు నిలబడి అడిగింది.

"మరి ఉన్నదేమిటి?"

ఆచారం ఆమెకు ఎవరూ చెప్పలేదు. మనసుకు తోచి అడిగింది. గవరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నీళ్ళున్నాయి తల్లీ. చాలా చల్లగా ఉంటాయి. ఒడ్డున కూర్చోవడానికి బండ ఉంది. అక్కడ ఎంతసేపు ఏడ్చినా ఊరుకోమనేవాళ్ళు ఉండరు."

"నువ్వెప్పుడైనా ఎవరి కోసమైనా చూశావా అందులో?"

"నాకు పదేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. పిల్లలం ఇట్లాంటి కబుర్లే చెప్పుకునేవాళ్ళం. ఇంట్లో చెప్పకుండా ఎక్కి వెళ్ళి చూశాను. నేనే కనబడ్డాను, ముక్కు కారుకుంటూ."

రాణి పెదవుల మీద నవ్వులాంటిది వచ్చి పోయింది. "పద, చూపించు," అంది.

"నా చేతిలో కర్ర లేదమ్మా. దారి చూపకూడదు."

"కర్ర లేకపోతే ఏం, నీ భుజం ఉందిగా," అని రాణి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. చిత్రసేనుడు అడ్డు చెప్పలేకపోయాడు.

ఇద్దరూ నెమ్మదిగా ఎక్కారు. మిట్టమధ్యాహ్నానికి నీలిమడుగు చేరారు. చుట్టూ మంచుకొండలు, నడుమ నీలి నీళ్ళు. ఒక పిట్ట ఎగిరితే దాని రెక్కల చప్పుడు వినబడేంత నిశ్శబ్దం. రాణి వంగి చూసింది. నెరిసిన జుట్టుతో తన ముఖమే కనిపించింది. చాలాసేపు అలాగే చూసింది.

"రెండేళ్ళుగా అందరూ నాకు ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు గవరమ్మా. కలలోకి వస్తుందన్నారు. పువ్వై పూస్తుందన్నారు. ఈ పూజ చేస్తే మాట్లాడుతుందన్నారు. నేను ఒక్కో చోటికీ పరిగెత్తాను. మా అమ్మాయి ఇక లేదని నా ముఖం మీద చెప్పింది నువ్వొక్కతివే."

తరువాత ఆమె తనంతట తానే ఆ మాట అంది. "ఇందు లేదు." అని, బండ మీద కూలబడి బిగ్గరగా ఏడ్చింది. గవరమ్మ ఊరుకోమనలేదు. పక్కన కూర్చుని వీపు నిమిరింది, తన కూతురికి నిమిరినట్టు.

పొద్దు కాస్త వాలాక రాణి మూట విప్పింది. "తిందాం," అంది. ఇద్దరూ చెరో నువ్వులుండ తిన్నారు. మూడోదాన్ని రాణి ఒడ్డున పెట్టింది. పిట్ట వచ్చి ఎత్తుకుపోయింది.

కొండ కింద రాజు స్వయంగా ఎదురుచూస్తున్నాడు.

"రాజా, నా బాధ తగ్గలేదు," అంది రాణి. "తగ్గుతుందని మీ మనిషి మాట ఇవ్వలేదు కూడా. కానీ రెండేళ్ళలో మొదటిసారి నాకు ఆకలేసింది. ఈ రాయి మాట్లాడినంత కాలం మా దేశపు యాత్రికులను మీ కొండలకు పంపుతాను. రాయి మూగబోయిన రోజున ఒక్కరూ రారు."

రాజు సిగ్గుపడ్డాడు. గజ్జెకర్రను రెండు చేతులా గవరమ్మకు తిరిగి ఇచ్చాడు. మంత్రికి ఏం శిక్ష వేద్దామని అడిగాడు.

"ఆయనా మన ఆకలి చూడలేకే చేశాడు ప్రభూ. ఏడాది పాటు ఈ రాయి మీద నిలబెట్టండి, చాలు," అంది గవరమ్మ.

మర్నాడు చిత్రసేనుడు రాయి ఎక్కాడు. చాలాసేపు తడబడ్డాడు. చివరికి అన్నాడు. "అయ్యలారా, అమ్మలారా, ఏడు రంగుల నీళ్ళు లేవు. గంధర్వులు లేరు. మడుగులో ముఖాలు లేవు. అవన్నీ నేను గీయించినవే."

వినేవాళ్ళు ముందు నవ్వారు. తరువాత ఒక్కరైనా వెనక్కి పోకుండా, "మరి ఉన్నదేమిటి?" అని అడిగారు.

సోమయాజుల ఊరికి గవరమ్మే కబురు పంపింది, మీ చెవుల దోషం కాదు, ఆషాఢంలో రమ్మని. ఆయన వచ్చాడు. పడమటి గాలి వీచింది. గుహ హూమంది. ముసలాయన కళ్ళు మూసుకుని, వేలితో తొడ మీద తాళం వేస్తూ, సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు.

నవగిరి గాదెలు నిండాయి. ఇప్పటికీ అక్కడ ముందు రాయి మాట్లాడుతుంది, తరువాత కొండ కనబడుతుందని చెప్పుకుంటారు.

పిల్లలూ, లేనిదాన్ని లేదని ముందే చెప్పగలిగినవాళ్ళు ఉన్నదాన్ని ఉందని చెప్పినప్పుడే లోకం నమ్ముతుంది.