ఎద్దు పుండు, కాకి కబురు

చిట్టెయ్య పశువుల పాకలో రెండెద్దులు, ఓ ముసలి మేక. మైలోడూ బొల్లోడూ ఒకే కాడికి మెడలిచ్చి ఎండాకాలమంతా పొలానికి ఎరువు తోలారు. ఇద్దరికీ మెడ మీద కాడి ఒరిసి పుండ్లు పడ్డాయి. చిట్టెయ్య ఇద్దరికీ ఒకే చేత్తో వేపనూనె, పసుపు పూశాడు. బొల్లోడి పుండు పదిరోజుల్లో చెక్కు కట్టింది. మైలోడిది మాత్రం నెల దాటినా నిన్ననే పడ్డట్టు పచ్చిగానే ఉంది.

ఏరువాకకు ఇంకా మూడు వారాలే. కాడి మొయ్యలేని ఎద్దును ఏ రైతు మేపుతాడు? మైలోడికి మేత సయించడం మానేసింది.

దానికి తోడు కాకి. పొద్దున్నే వచ్చి మైలోడి వీపు మీద వాలేది.

"ఏం మావా, కులాసానా? నీ మేలు కోరి చెబుతున్నా, గుండె దిటవు చేసుకో. సంత బేరగాడు వచ్చే శనివారం వస్తాడట. పుండున్న ఎద్దునే అడిగాడట."

మైలోడు గడగడ వణికేవాడు. కాకి తీరిగ్గా పుండులో నాలుగు పోట్లు పొడిచి, "ఈగలు ముసురుతున్నాయి మావా, శుభ్రం చేస్తున్నా" అనేది. నోటితో ఉపకారం, ముక్కుతో ఫలహారం! తోలితే రేపటి కబురు అందదేమోనని మైలోడు తోకైనా ఆడించేవాడు కాదు. బొల్లోడికీ కాకి అదే కబురు చెప్పేది. వాడికి పుట్టుచెవుడు. "ఆఁ, బాగానే ఉన్నానమ్మా" అంటూ తోకతో ఒక్కటిచ్చి నెమరేసుకునేవాడు.

"ఒరేయ్ మైలా," అంది ఓ రోజు మేక. "ఆ బేరగాడు బయల్దేరి ఎన్ని శనివారాలైందిరా?"

"నాలుగు, మేకత్తా."

"కాశీ నుంచి నడిచొస్తున్నాడా ఏంటి?"

మైలోడు శనివారాలు మళ్లీ లెక్కపెట్టుకున్నాడు.

"పుండు మానకపోవడానికి దాని ముక్కు సగం కారణం, దాని మాట సగం. పశువుల ఆసుపత్రిలో వారం కట్టేసున్నదాన్ని, డాక్టరుగారి పుస్తకంలో నాలుగు కాగితాలు నమిలినదాన్ని, నాకు తెలీదా? భయం పుట్టగానే ఒంట్లోని గ్రంథులు నెత్తుట్లోకి ఓ రసం వదులుతాయి. 'పులొస్తోంది, బలమంతా కాళ్లకు పంపండి, మిగతా పనులాపండి' అని అది దండోరా వేస్తుంది. పుండు మాన్పే కూలీలు పలుగూ పారా పడేసి కూర్చుంటారు. ఒక్కపూటైతే ఫర్వాలేదు. నీ ఒంట్లో నెల్లాళ్లుగా దండోరానే!"

"మరి బొల్లోడికి?"

"వాడికి కాకి గోలే వినపడదు, ఇక దండోరా ఎక్కడిది?"

మైలోడికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "దీని దుంపతెగ! అబద్ధం చెప్పి చెప్పి నిజం చేసేట్టుందే! ఈ పుండు మానకపోతే చిట్టెయ్య నన్ను నిజంగానే అమ్ముతాడు!"

మర్నాడు కాకి కుంటుకుంటూ వచ్చింది. కాలికి తుమ్మముల్లు గీసుకుని చిన్న గాటు పడింది.

"మావా, బేరగాడు..."

"అది సరే గానీ కాకమ్మా, నీ మేలు కోరి చెబుతున్నా, గుండె దిటవు చేసుకో. చిట్టెయ్య రాళ్లు విసరడానికి కొత్త వడిసెల పేనుతున్నాడు. కుంటికాకి ఎక్కడుంటుందని అడిగాడట. వచ్చే శనివారమే ముహూర్తం."

కాకి రెక్కలు బిగుసుకుపోయాయి. "నిజమా మావా?"

"మనిద్దరి మధ్యా ఎప్పుడైనా అబద్ధాలున్నాయా?"

కాకి మళ్లీ ఆ వీపు మీద వాలలేదు. అలాగని కబురు వినకుండా ఉండగలదా? రోజూ దూరంగా దడి మీద కూర్చుని, "మావా, వడిసెల ఎంతవరకు వచ్చింది?" అని అడిగేది.

"తాడు పేనడం అయింది. ఇక రాళ్లు ఏరుతున్నాడు."

మూడు వారాలు తిరిగేసరికి మైలోడి మెడ మీద కొత్త తోలు వచ్చింది. ఏరువాక నాడు చిట్టెయ్య ఆ మెడ తడిమి చూసి, సంతోషంగా కాడి ఎత్తాడు. మైలోడు సంబరం పట్టలేక పొలమంతా వినపడేలా రంకె వేశాడు.

అప్పుడొచ్చింది కాకి. కాలు ఉసిరికాయంత వాచింది. "చిన్న గాటే మావా, ఎంతకీ మానడం లేదు. మందేమైనా ఉందా?"

"ఉంది. నా దగ్గర కబుర్లు వినడం మానెయ్."

కాకి తలూపింది. "సరే మావా, ఒట్టు, ఇక వినను." నాలుగడుగులు కుంటి, వెనక్కి తిరిగింది. "ఇంతకీ... ఈ శనివారమేనా?"

ఎద్దు పుండు కాకికి ముద్దంటారు. పుండు నొప్పేమిటో కూడా ఆ ఏడు దానికి తెలిసొచ్చింది.

పుండుకు మందు సరే, ముందు చెవికి ఓ తలుపు పెట్టుకో!