తవిటమ్మ తిట్టు

అనగనగా, సముద్రం ఊరికి ఇంకా రెండు బారలు ఎడంగా ఉన్న కాలంలో, ఉప్పుమళ్ళ మధ్య ఒక పేట. ఆ పేటలో తవిటమ్మ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఆవిడకి ఉన్నదల్లా ఒక మడి, ఒక నోరు, ఒక తమ్ముడు. మడి చిన్నది. నోరు పెద్దది. తమ్ముడు అసిరయ్య నల్లమందు తింటాడు.

ఎందుకు తినేవాడంటారా? ఉప్పునీళ్ళలో కాళ్ళు పగిలి, నడుం పట్టేసినప్పుడు ఎవడో మహానుభావుడు "ఇంత నాలిక మీద ఏసుకో, అన్నీ పోతాయి" అన్నాడు. అన్నీ పోయాయి. నొప్పి పోయింది, ఆకలి పోయింది, పెళ్ళాం పుట్టింటికి పోయింది. నల్లమందు మాత్రం పోలేదు.

ఆ పేటకి ఒక ఆచారం ఉండేది. మానేస్తానన్నవాడి చేత గుప్పెడు ఉప్పు పట్టించి, పదిమంది ముందు ఒట్టు వేయించేవారు. ఒట్టు తప్పినవాడు మడిలో కాలు పెట్టకూడదు. పెడితే ఉప్పు కట్టదట. ఎవరు చూశారయ్యా అంటే చెప్పేవాడు లేడు.

అసిరయ్య ఒట్టు వేశాడు. మూడు రోజులకి తప్పాడు. పేట పెద్ద పెద్దనాయుడు వాణ్ణి మడిలోంచి గెంటేశాడు. పనిలేనివాడు ఏం చేస్తాడు? ఇంకాస్త తిన్నాడు. తవిటమ్మ కాళ్ళావేళ్ళా పడి మళ్ళీ ఒట్టు వేయించింది. ఆరు రోజులకి తప్పాడు. గెంటారు, తిన్నాడు. మూడోసారి తొమ్మిది రోజులకి తప్పాడు. ఈసారి భయపడి అక్క దగ్గరికి కూడా రాలేదు. మొగలి డొంకలో దూరి, ఉన్నదంతా మింగి పడిపోయాడు.

తవిటమ్మ వెతికి వెతికి ఈడ్చుకొచ్చింది. ఊపిరి ఉందా లేదా అన్నట్టుంది.

"సావకురా ఎదవా! తిట్టడానికైనా నువ్వుండాల నాకు," అని ఏడుస్తూ బండి కట్టించి, ఏటి అవతల వైద్యుడి దగ్గరికి తీసుకుపోయింది. మూడు రోజులకి వాడు కళ్ళు తెరిచాడు.

"ఇన్నాళ్ళూ ఏం వైద్యం చేయించావమ్మా?" అన్నాడు వైద్యుడు.

"ఒట్టేయించినాం బావూ."

"ఒట్టు మందు కాదు తల్లీ. ఒళ్ళు దానికి అలవాటు పడిపోయింది. ఒక్కసారిగా ఆపితే వాంతులు, వణుకు, కంటికి నిద్ర ఉండదు. తట్టుకోలేక మళ్ళీ తింటాడు. నేనిచ్చిన నల్లమందే, నేను చెప్పినట్టు నీ చేత్తోనే ఇయ్యి. ముందు శనగగింజంత, తర్వాత పెసరగింజంత, తర్వాత ఆవగింజంత. కడుపుకి పెట్టు, పని చెప్పు, ఒంటరిగా వదలకు. మానిన తర్వాత కూడా జారవచ్చు. జారితే మళ్ళీ తీసుకురా."

"మళ్ళీనా!" అని తవిటమ్మ నెత్తి కొట్టుకుంది.

కొట్టుకుంది గానీ చేసింది. శనగగింజంత ఇస్తూ తిట్టింది. పెసరగింజంత ఇస్తూ తిట్టింది. ఆవగింజంత ఇస్తూ తిట్టింది. ఒక రోజు ఇవ్వడానికేమీ మిగల్లేదు. ఆ రోజు ఉత్తినే తిట్టింది. తిట్టి, వాణ్ణి తన మడిలోకి దింపింది.

పేటంతా పరిగెత్తుకొచ్చింది. "ఒట్టు తప్పినోణ్ణి దించుతావేటే? ఉప్పు కట్టదు!" అన్నాడు పెద్దనాయుడు.

"నా మడి. కట్టకపోతే గంజినీళ్ళు తాగుతాను. మీకేటి?"

కొన్నాళ్ళకి ఉప్పు తెల్లగా కట్టింది. ఒక్కరూ నోరెత్తలేదు. ఆ వారమే కాలం కాని కాలంలో వాన కొట్టి పేటలో ఉప్పంతా కరిగిపోయింది. అప్పుడు లేచాయి నోళ్ళన్నీ. "అసిరిగాడి వల్లే!"

"మరి పోయినేడు వాన ఎవడి వల్ల కురిసింది? ఆ ముందేడు ఎవడి వల్ల?" అని తవిటమ్మ అరుస్తూనే ఉంది, అసిరయ్య తల వంచుకుని వచ్చాడు. ఆ మాటలు పడలేక ఎక్కడికో పోయి వచ్చాడు.

"అప్పా, తినీసినాను," అన్నాడు అక్కతో.

తవిటమ్మకి ఒళ్ళు మండిపోయింది. చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. వీడు ఈసారి డొంకలోకి పోలేదు, తన దగ్గరికే వచ్చాడు.

"సూసినావా! గెంటీండి ఈణ్ణి!" అన్నారు జనం.

తవిటమ్మ వాళ్ళవైపు తిరిగింది. "నాయుడు బావూ, ఉప్పు కరిగిపోనాది. రేపేటి సేస్తావు?"

"ఏటి సేస్తాను? మళ్ళీ నీరెడతాను."

"మడిని ఒగ్గీసి పోవా?"

"మతిపోనాదేటే? మడినెవడైనా ఒగ్గేస్తాడా?"

"మరి నా తమ్ముణ్ణెందుకు ఒగ్గీమంటారు? ఇసుగొచ్చిందా? నాకు రాలేదా? మీ అందరికన్నా నాకే ఎక్కువొచ్చింది! తిట్టండి, నాను తిట్టడం లేదా? తిట్టండి గానీ గెంటకండి!"

మర్నాడు తవిటమ్మ వైద్యుడి దగ్గరికి బండి కట్టిస్తుంటే, పెద్దనాయుడే వచ్చి ఎడ్లని పట్టుకున్నాడు.

ఆ తర్వాత కూడా అసిరయ్య రెండుసార్లు జారాడు. రెండుసార్లూ అక్క దగ్గరికే వచ్చాడు. రెండుసార్లూ తిట్లు తిని, వైద్యుడి దగ్గరికి పోయి, మడిలోకి దిగాడు. ఇక జారలేదు. పెళ్ళాం తిరిగొచ్చింది.

ఏళ్ళు గడిచాయి. ఒక ఎండాకాలం తవిటమ్మ పోయింది. అసిరయ్య మూడు రోజులు మడికి రాలేదు. "నన్నింకెవరు తిడతారు?" అని గుమ్మంలో కూలబడ్డాడు. వాడి కళ్ళు డొంకవైపే పోతున్నాయి.

నాలుగోనాడు ఎండెక్కేవేళకి పెద్దనాయుడు కర్ర పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. "ఒరే సోమరిపోతా! మడికి రావేటిరా? నీ కోసం పల్లకీ అంపాలా?"

అసిరయ్య బావురుమన్నాడు. ఏడుస్తూనే లేచి పార పట్టుకున్నాడు. మర్నాడు పొరుగింటి ముసలమ్మ వచ్చి తిట్టింది. ఆ మర్నాడు ఎదురింటివాళ్ళు వచ్చి తిట్టారు.

ఆ పేటలో ఇప్పుడు ఉప్పు పట్టించి ఒట్టు వేయించరు. ఎవడైనా మత్తు మానాడంటే, తెల్లారగానే ఒకరు వాడి గుమ్మంలోకి పోయి పేరు పెట్టి తిడతారు. వాడు బయటికొచ్చి నవ్వితే పనికి తీసుకుపోతారు. రాకపోతే లోపలికెళ్ళి, చెయ్యి పట్టుకుని, వైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు. రేపు తిట్టే వంతు ఎవరిదో, వాళ్ళింట్లో ఏ తిట్టు తిట్టాలో ముందురోజే అనుకుంటారు.