దొర వైపు తిరగని దుప్పి

ఒకప్పుడు అడవిలో దుప్పులన్నీ ఒకే వైపు తిరిగి పడుకునేవి. ఏ వైపంటారా? తూర్పూ కాదు, పడమరా కాదు. దొర వైపు.

దొరంటే కొమ్ముల దొర. మందలో అందరికంటే పెద్ద కొమ్ములు ఆయనవే. పొద్దున్నే మేత మేసి, ఎండెక్కేసరికి మంద నీడకు చేరేది. దొర దిబ్బ మీద పడుకునేవాడు. ముందు వరసలో దొర చుట్టాలు. వాళ్ల వెనక ఓ మోస్తరు వాళ్లు. అందరికంటే వెనక ముసలివాళ్లు, కుంటివాళ్లు, అడిగే దిక్కులేనివాళ్లు.

దొరకు వీపు చూపడం తప్పు. చెవి వెనక్కి తిప్పినా తప్పే. అందరూ దొర ముఖమే చూస్తూ నెమరు వెయ్యాలి. దొర తన కొమ్ముల గురించి చెప్పేవాడు. ఎడమ కొమ్ము కథ అయిపోతే కుడి కొమ్ము కథ. అదీ అయిపోతే మళ్లీ ఎడమ కొమ్ము.

ఈ సంగతి బయ్యన్న కనిపెట్టాడు.

బయ్యన్న వేటగాడు. అతనిది వెదురు విల్లు. ఇరవై అంగల లోపల గురి తప్పదు. ఇరవై దాటిందా, బాణం ఎక్కడికి పోతుందో బాణానికే తెలియదు. మేసే దుప్పికి అంత దగ్గరగా పోవడం ఎవరి తరమూ కాదు. పడుకున్న దుప్పి దగ్గరికైతే పోవచ్చు, అదీ అన్నీ వీపులే కనిపిస్తుంటే!

చెప్పులు విడిచి, గాలికి ఎదురుగా, వెనక నుంచి వచ్చేవాడు. దుప్పులు కసకసా నమిలేటప్పుడు ఒక అంగ వేసేవాడు. నమలడం ఆగితే తనూ ఆగిపోయేవాడు, ఒంటికాలి మీదైనా సరే. అలా వారానికొక దుప్పి పోయేది. ఎప్పుడూ వెనక వరసలోదే.

"వెనక్కి తిరిగి చూసుంటుంది. మర్యాద తప్పితే అంతే మరి!" అనేవాడు దొర.

"అంతే, అంతే!" అనేది ముందు వరస.

ఇది వింటే ఇప్పికి ఒళ్లు మండిపోయేది. ఇప్పి వెనక వరసలో పడుచు దుప్పి. వాళ్లమ్మ సోమికి ముందు కాలు కుంటి. పోయిన వారం బయ్యన్న బాణానికి పోయింది వాళ్ల వెనకే పడుకునే ముసలి చంద్రి. ఇప్పుడు చంద్రి చోటు ఖాళీ. అంటే అందరికంటే వెనక ఉన్నది అమ్మే. ఈ వారం ఎవరి వంతో ఇప్పికి లెక్కలు రాకపోయినా తెలుసు.

ఊళ్లో ఊరేగింపులు చూసి వచ్చిన గోరింక ఒకటి ఇప్పికి నాలుగు నినాదాలు నేర్పింది. ఒకరోజు దొర ఎడమ కొమ్ము కథ మధ్యలో ఉండగా ఇప్పి దిగ్గున లేచింది.

"చూపు మా హక్కు! మెడ తిప్పే స్వేచ్ఛ కావాలి! వెనక వరస వర్ధిల్లాలి!"

ముందు వరస పడీపడీ నవ్వింది. "ఏ గోరింక నేర్పిందే ఈ పాట?"

"గోరింకే నేర్పింది. అయితే ఏంటి? చచ్చేది మేమే కదా!"

"కూర్చోవే తల్లీ, నలుగురిలో పరువు తీస్తున్నావు," అంది సోమి.

"పరువు తర్వాతమ్మా, ముందు నీ తోలు దక్కనీ!"

ఒక్కరూ మెడ తిప్పలేదు. దొర ఆవలించి, కథ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి ఎత్తుకున్నాడు.

ఇప్పి కూలబడి కోపంగా నెమరు వేసింది. వేస్తూ వేస్తూ ఉలిక్కిపడింది. 'ఇంతసేపూ అరిచాను. మరి అరిచినంతసేపూ నేను ఎటు తిరిగి ఉన్నాను? దొర వైపే!'

ఆమెకు సిగ్గేసింది.

మర్నాడు మంద నీడకు చేరింది. ఇప్పి ఏమీ అరవలేదు. వాళ్లమ్మ వీపుకు వీపు ఆనించి, తోక దొర వైపు పెట్టి, హాయిగా పడుకుంది.

"ఎంత పొగరు!" "తోక! దొర వైపు తోక!" మంద గొల్లుమంది. దొర కొమ్ములు ఊపుతూ లేచాడు. "ఏయ్ పిల్లా, ఇటు తిరుగు!"

ఇప్పి తిరగలేదు. ఎందుకంటే ఎదురుగా తుప్పల మధ్య ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఒంటికాలి మీద, కొంగలాగా. చేతిలో వంచిన విల్లు.

ఇద్దరి చూపులూ కలిశాయి.

"అమ్మాయ్," అన్నాడు బయ్యన్న పెదవి కదలకుండా, "మీ దొర పిలుస్తున్నాడు. అటు తిరుగు."

"వినపడింది అన్నా. ఎన్ని అంగలున్నాయి ఇంకా?"

"ఇరవై రెండు. ఇంకో రెండు వేస్తే చాలు."

"చంద్రిని కొట్టింది నువ్వేనా?"

"నేనే. మీ మీద నాకు పగేం లేదమ్మా. ఇంటి దగ్గర నలుగురు పిల్లలు పొయ్యి వైపు చూస్తున్నారు. మీరేమో అటు తిరిగి పడుకుంటిరి. నేనేమో ఇటు నుంచి వస్తిని."

"మీ పిల్లలకు దుంపలు తవ్వుకో అన్నా. ఆ రెండంగలు మాత్రం మా అమ్మవి. ఇవ్వను."

ఇప్పి లేచి కాలితో నేలను టకటకా తన్నింది. "మనిషి! వెనక మనిషి! తిరగండి!"

అప్పుడు ఏ దుప్పీ, ఏ కాలంలోనూ చెయ్యకూడని పని మంద మొత్తం చేసింది. దొర వైపు చూసి, "తిరగమంటారా దొరా?" అని అడిగింది.

"ఉండండి, ఆలోచిస్తున్నా," అన్నాడు దొర.

సోమిది ముసలి మెడ. పుట్టిన దగ్గర నుంచి ఒక్క ముఖం వైపు తప్ప ఎటూ తిరగలేదు. "నా బిడ్డ పిలిస్తే తిరగడానికి దొరనెందుకు అడగాలి?" అంటూ సోమి మెల్లగా వెనక్కి తిరిగింది. తిరిగి, మనిషిని చూసి, "అమ్మో!" అంది.

అమ్మ తిరిగేసరికి వెనక వరస తిరిగింది. దాన్ని చూసి మధ్య వరస. నలభై జతల కళ్లు ఒక్కసారి మీద పడేసరికి బయ్యన్నకు చెమట పట్టింది. సరిగ్గా అదే క్షణంలో గండుచీమ ఒకటి అతని ఒంటికాలి మడమ పట్టుకుంది.

"అబ్బా!"

బాణం జారింది. అందరి తలల మీదుగా పోయి దొర రెండు కొమ్ముల మధ్య ఖంగుమని తగిలి కింద పడింది. ఆలోచన అక్కడితో ముగించి దొర అందరికంటే ముందు పరుగెత్తాడు. మందంతా చెంగుచెంగున అడవిలోకి మాయమైంది. కుంటి సోమి కూడా.

ఆ మర్నాడు దిబ్బ ఖాళీగా ఉంది. ఎవరూ వరసలు కట్టలేదు. ఒకరు వాగు వైపు, ఒకరు గుట్ట వైపు, వీపులు కలుపుకుని పడుకున్నారు. నా వీపుకు నీ కళ్లు కాపలా, నీ వీపుకు నా కళ్లు కాపలా. ఈ మాట మాత్రం గోరింక నేర్పింది కాదు.

దొర ఆలస్యంగా వచ్చాడు. కాసేపు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "మరి నేనెటు చూడాలి?"

"ఆ తుప్పల వైపు ఎవరూ చూడడం లేదు దొరా. అటు చూడు," అంది ఇప్పి.

దొర పడుకున్నాడు. చాలాసేపు చూశాడు. "అబ్బో, ఇంత అడవి ఉందా!" అన్నాడు.

అప్పటినుంచే దుప్పులు తలో దిక్కుకూ ముఖం పెట్టి పడుకుంటున్నాయి. నెమరు వేస్తూ వేస్తూ మధ్యలో ఆగి వింటున్నాయి. ఒకటి కాలితో నేలను తన్నితే చాలు, ఎవరినీ అడక్కుండా అన్నీ ఒక్కసారి లేస్తున్నాయి. వేటగాడు ఈనాటికీ ఇరవై రెండో అంగ దగ్గరే, ఒంటికాలి మీద నిలబడి ఉంటాడు.