దోమ అడిగిన నెత్తుటి చుక్క

ఒకప్పుడు దోమలు నెత్తురు తాగేవి కావు. ఆడదైనా మగదైనా పొద్దున్నే తుమ్మిపూల మీద వాలి, ఇంత తేనె నాకి సరిపెట్టుకునేవి. ఆ రోజుల్లో తొండ కూడా తల ఆడించేది కాదు. కంచె మీద ఎండ కాచుకుంటూ పటంలో బొమ్మలా కూర్చునేది.

నూకాలని ఒక దోమ ఉండేది. నూకగింజంత ఒళ్ళు, గంపెడు దిగులు. దాని గుడ్లు నీళ్ళ మీద తాలుగింజల్లా తేలాయే గాని ఒక్కటీ పిల్లవలేదు. దోమలందరి గతీ అంతే. ఏ కోటికో ఒక గుడ్డు పిల్లయ్యేది. అది పిల్లయ్యేలోగా తల్లి రాలిపోయేది.

కంచె మీద తొండ తాత దాన్ని చూశాడు.

"ఏమే మనవరాలా, రెక్కలు అలా వేలాడేశావు?"

నూకాలు చెప్పుకుని ఏడ్చింది.

"తేనె నాకి పిల్లల్ని కంటావుటే పిచ్చిదానా! గుడ్డులో సత్తువ ఉండొద్దూ? ఇదిగో, నా మెడ దగ్గర చర్మం పల్చన. ఒక చుక్క తాగు. బిడ్డల కోసం వచ్చినదాన్ని ఉత్తినే పంపితే ఈ కంచె నన్ను మొయ్యదు."

నూకాలు తాగింది. పొట్ట గురివింద గింజలా ఎర్రగా ఉబ్బింది. మొయ్యలేక మొయ్యలేక ఎగిరి ఒక ఆకు కింద కూలబడింది.

అంతలో కడుపులోంచి ఎవరో పిలిచారు. "అక్కా!"

"అమ్మో, ఎవరే నువ్వు?"

"తాత నెత్తుట్లో కాపురముండే నలకని. నాకు కాళ్ళు లేవు, రెక్కలు లేవు. తాత పోతే నేనూ పోతాను. నన్ను ఇంకో తొండలోకి చేర్చవూ?"

"నువ్వుంటే తాతకి ఏమవుతుంది?"

"ఎండలో కూర్చున్నా ఆయనకి చలేస్తుంది. పరుగు తగ్గింది. ఏం చెయ్యను, నా బతుకు అలాంటిది."

"మరి నాకు?"

"నీ గుడ్ల సత్తువలో కొంత నేను తింటాను. గుడ్లు తగ్గుతాయి. కాని నిన్ను ఎక్కువ కాలం బతికిస్తాను. నీ పిల్లల్ని నువ్వే చూసుకుంటావు."

నూకాలు ఆలోచించింది. పిల్లల మొహం చూసిన దోమ ఇంతవరకూ లేదు. "కొందరైతేనేం, కళ్ళారా చూస్తే చాలు" అని ఒప్పుకుంది.

గుడ్లు కొన్నే అయ్యాయి గాని, గట్టివయ్యాయి. పిల్లలు నీళ్ళలో తలకిందులుగా వేలాడాయి, మెలికలు తిరిగాయి, ఒకనాడు నీటి మీద నిలబడి రెక్కలు ఆరబెట్టుకున్నాయి. నూకాలు గడ్డిపోచ మీద కూర్చుని అలా చూస్తూనే ఉండిపోయింది.

చూసిన కళ్ళు ఊరుకుంటాయా? మళ్ళీ పిల్లలు కావాలనిపించింది. ఈలోగా నలక ఒకటి వందలై, నోటిదాకా వచ్చి కూర్చుంది. నూకాలు ఎంగిలి నిండా నలకలే.

పైడమ్మ అనే తొండ నిండు కడుపుతో, గుడ్లు పెట్టడానికి ఇసుకలో గొయ్యి తవ్వుకుంటోంది.

"వదినా, పిల్లలకి ఒక చుక్క నెత్తురిస్తావా?"

"దానికేం భాగ్యం, తాగు."

నూకాలు మూతి ఆనించబోయి ఆగింది. "కానీ, కానీ!" అని నలకలు తొందరపెట్టాయి. కాని దానికి మనసొప్పలేదు.

"వదినా, దాచి తాగితే పాపం. నా ఎంగిలి మంచిది కాదు. అది నీ ఒంట్లో పడితే ఎండలోనూ చలేస్తుంది, పరుగు తగ్గుతుంది."

"అయితే ఎంగిలి చెయ్యకుండా ఎత్తిపోసుకుని తాగవే!"

"నెత్తుర్ని ఎత్తిపోసుకోవడం ఎలా వదినా? మూతి పెట్టక తప్పదు."

పైడమ్మ నూకాలు ఖాళీ పొట్ట చూసింది. పాపం, తల్లి కదా అని తల కిందికి దించింది, సరే అన్నట్టు. తన కడుపు గుర్తొచ్చింది. నాకు జబ్బు చేస్తే ఈ గొయ్యి ఎవరు తవ్వుతారు అని తల పైకెత్తింది, వద్దన్నట్టు. మళ్ళీ జాలేసింది, దించింది. మళ్ళీ భయమేసింది, ఎత్తింది.

నూకాలు దాని చెవి దగ్గరే జుమ్మని తిరుగుతూ కనిపెట్టుకుని ఉంది. ఎంత ఆయుష్షు పెరిగినా దోమ దోమే. ఇక ఉండలేక, తల కిందికి దిగిన క్షణాన సరే అన్నట్టే అనుకుని తాగేసింది.

అప్పటినుంచే ఆడదోమ నెత్తురు తాగుతుంది. మగదోమ ఆ పూల దగ్గరే ఉండిపోయింది. అప్పటినుంచే తొండ తల పైకీ కిందికీ ఆడిస్తుంది. మిమ్మల్ని వెక్కిరిస్తోందనుకుని రాయి విసరకండర్రా. సరే అనాలో వద్దనాలో దానికి ఇంకా తేలలేదు.